మతి నిలవాలంటే ఏం తినాలి?

"డాక్టరుగారూ! జ్ఞాపకశక్తికి మంచి టానిక్కేదైనా రాసివ్వండి."

దాదాపు ముప్పై ఏళ్ళుగా ప్రభుత్వాసుపత్రులలో పనిచేస్తున్న నాకు ఈ మాట వినని వారం లేదు. పరీక్షల రోజుల్లో తల్లులు పిల్లల కోసం అడుగుతారు. మిగతా రోజుల్లో కొడుకులూ కోడళ్ళూ ఇంట్లోని పెద్దవాళ్ళ కోసం అడుగుతారు. "మా నాన్నకు మతిమరుపు బాగా ఎక్కువైందండీ. పొద్దున తిన్న టిఫిను మధ్యాహ్నానికి గుర్తుండదు. పింఛను డబ్బు తనే ఎక్కడో దాచి, ఎవరో దొంగిలించారని గొడవ చేస్తాడు" అంటారు.

టానిక్కు రాసివ్వడం చాలా తేలిక. రాసినవాడికి మంచి పేరు, కొన్నవాడికి తృప్తి. కాని తాగగానే మతి నిలబెట్టే టానిక్కు ఇంతవరకు లోకంలో ఎవరూ తయారుచేయలేదు. ఈ సంగతి చెబితే వచ్చినవారి ముఖం చిన్నబోతుంది. "పోనీ తిండిలో ఏమన్నా మార్చమంటారా?" అని లేస్తూ లేస్తూ అడుగుతారు. అసలు అడగవలసిన ప్రశ్న అదే. దానికి జవాబు చెప్పే తీరిక ఓ.పి.లో నాకు ఉండదు. నా గది బయట మరో వందమంది నిలబడి ఉంటారు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మరుపు వేరు, జబ్బు వేరు

ముందుగా ఒక భయం తీరుస్తాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం, తెలిసిన మనిషి పేరు నోటికి రాక తడుముకోవడం, వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చామా అని నిలబడిపోవడం, ఇవన్నీ నలభై దాటిన ప్రతివారికీ ఉండేవే. కాసేపాగితే గుర్తుకు వస్తాయి. ఇది జబ్బు కాదు.

ఇరవై ఏళ్ళుగా నడిచిన వీధిలో దారి తప్పడం, ఎప్పుడూ చేసే పప్పుచారు ఎలా చేయాలో తెలియకపోవడం, కూరల కొట్లో చిల్లర లెక్క పెట్టలేకపోవడం, అయిదు నిమిషాల క్రితం అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడగడం, నెమ్మదస్తుడైన మనిషి ఉన్నట్టుండి అనుమానాల పుట్టగా మారడం, ఇవి మాత్రం వయసు మీద తోసేయవలసినవి కావు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా జ్ఞాపకమూ ఆలోచనా దెబ్బతిన్నప్పుడు ఆ స్థితిని డిమెన్షియా అంటాము. తెలుగులో చిత్తవైకల్యం అని రాస్తున్నారు. మాట కాస్త కటువుగా ఉంది. ఇది పిచ్చి కాదు, మెదడులోని కణాలు దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బు.

ఇందులో రకాలున్నాయి. ఎక్కువమందిలో కనిపించేది అల్జైమర్స్ వ్యాధి. జర్మనీకి చెందిన అలోయిస్ అల్జైమర్ అనే వైద్యుడు 1906లో దీన్ని మొదటిసారి వర్ణించాడు. రెండవది, మెదడుకు రక్తం తీసుకువెళ్ళే నాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చేది. చాలామంది వృద్ధులలో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఇవి కాక, పోషకాలు లోపించడం వల్ల మతి చెదిరే రకాలు కొన్ని ఉన్నాయి. వీరి సంఖ్య తక్కువే అయినా వీరిని ముందుగా గుర్తించాలి. ఎందుకంటే సకాలంలో కనిపెడితే వీరికి నయమవుతుంది.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 100కి 7 మందికి పైగా, మొత్తం సుమారు 88 లక్షలమంది డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో వెలువడిన ఒక పెద్ద సర్వే అంచనా వేసింది. మగవారిలో కంటె ఆడవారిలో ఎక్కువ. పట్టణాలలో కంటె పల్లెలలో ఎక్కువ. పల్లె గాలి, పల్లె తిండి ఉంటే చాలు, ఈ జబ్బు దగ్గరకు రాదని నమ్మేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మా ఇంట్లో జరిగింది

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. మరొకరి ఇంట్లో జరగకూడదని చెబుతున్నాను.

మా నాన్నగారు పోయాక అమ్మ ఊళ్ళో ఒంటరిగానే ఉండేది. మేము శాకాహారులం. ఉన్న నలుగురికీ వండిపెట్టినంత కాలం కూరా పప్పూ చారూ చేసిన మనిషి, తన ఒక్కదానికీ పొయ్యి వెలిగించడం దండగ అనుకుంది. ఉదయం కాఫీ, మధ్యాహ్నం అన్నంలో ఊరగాయ, పైన పల్చటి మజ్జిగ. రాత్రి ఉంటే అదే, లేకపోతే లేదు. ఆమెకు మధుమేహం ఉంది. మెట్‌ఫార్మిన్ మాత్రలు పదేళ్ళుగా నేనే ఇస్తున్నాను. కడుపులో మంట అంటే పరగడుపున వేసుకునే గ్యాసు మాత్ర కూడా నేనే ఇచ్చాను. అదీ ఏళ్ళ తరబడి వాడింది.

మొదట్లో నన్ను మా తమ్ముడి పేరుతో పిలిచేది. నవ్వుకున్నాము. తరవాత పాల లెక్క తప్పింది. పాదాలు తిమ్మిరెక్కుతున్నాయనీ, దూది మీద నడుస్తున్నట్టుందనీ అంది. షుగరు ఉన్నవాళ్ళకు మామూలేనన్నాను. ఒకసారి గుమ్మంలో తూలి పడింది. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి కదా అన్నాను. ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూర్చునేది. నాన్నగారు పోయిన దిగులనుకున్నాను. ప్రతి లక్షణానికీ నా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంది.

ఒకరోజు మాటల్లో ఈ సంగతి చెబితే, మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన హౌస్‌సర్జన్ అమ్మాయి, "సార్, బి-12 చూశారా?" అని అడిగింది. చూడలేదు. పరీక్ష చేయిస్తే, ఉండవలసిన దానిలో సగం కూడా లేదు.

శాకాహారం, మెట్‌ఫార్మిన్, గ్యాసు మాత్ర, ఈ మూడూ ఒకే మనిషిలో కలిశాయి. బయటి రోగి అయితే నేను తప్పకుండా అడిగి ఉండేవాణ్ణి. సొంత తల్లి ఏం తింటోందో అడగలేదు.

బి-12 అంటే ఏమిటి?

నరాల పైన ఉండే పొరను కాపాడడానికీ, రక్తకణాల తయారీకీ ఈ విటమిను కావాలి. రోజుకు కావలసింది 2 మైక్రోగ్రాముల పైచిలుకు మాత్రమే. ఒక గ్రాములో పది లక్షల మైక్రోగ్రాములు ఉంటాయంటే ఇది ఎంత తక్కువో మీరే ఊహించుకోండి. కాని ఆ కాస్తా బియ్యంలో లేదు, పప్పులో లేదు, ఆకుకూరల్లో లేదు, పండ్లలో లేదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులలోనే ఉంది. ఒక పెద్ద గ్లాసు పాలలో ఇంచుమించు 1 మైక్రోగ్రాము దొరుకుతుంది. శాకాహారులకు పాలూ పెరుగే దిక్కు. గరిటెడు పెరుగులో చెంబెడు నీళ్ళు పోసిన మజ్జిగతో ఆ లెక్క పూర్తికాదు.

మన కాలేయంలో ఇది మూడు నాలుగేళ్ళకు సరిపడా నిలవ ఉంటుంది. అందువల్ల లోపం మెల్లగా, ఎవరికీ అనుమానం రాకుండా వస్తుంది. వయసు మళ్ళినకొద్దీ జీర్ణాశయంలో ఆమ్లం తగ్గి, తిన్న ఆహారంలోని బి-12 విడివడదు. ఆమ్లాన్ని అణచే గ్యాసు మాత్రలు దీర్ఘకాలం వాడినా అంతే. మెట్‌ఫార్మిన్ దీన్ని పేగులలో ఇంకనివ్వదు. అలాగని మెట్‌ఫార్మిన్ మానేయకండి! అది మంచి మందు. ఏళ్ళ తరబడి వాడేవారు మధ్య మధ్య బి-12 పరీక్ష చేయించుకుంటే చాలు.

అరికాళ్ళలో తిమ్మిర్లు, నడకలో తూలు, నాలుక నున్నగా ఎర్రబడి మండడం, పాలిపోవడం, చికాకు, దిగులు, మతిమరుపు దీని గుర్తులు. రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినవచ్చు. కాబట్టి "రక్తం బాగానే ఉంది" అని నిశ్చింతగా ఉండకూడదు.

ఇక్కడ మరొక హెచ్చరిక. ఫోలిక్ ఆమ్లం అనే మరో బి విటమిను ఉంది. దాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి 1945లో అమెరికాలో నాయకత్వం వహించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భిణులకు అది వరం. కాని బి-12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. అందువల్ల నీరసమనగానే మందుల షాపులో ఏదో ఒక మాత్ర అడిగి వేసుకోవడం మంచిది కాదు.

మా అమ్మకు బి-12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాము. ఏమైందో చివర చెబుతాను.

గంజి వార్చే అలవాటు, సారా సీసా

తిండి లోపం మతిని చెరపడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పుడు మన కోస్తా జిల్లాలలో బెరిబెరి అనే జబ్బు ఉండేది. మరపట్టిన తెల్లటి బియ్యాన్ని నాలుగు నీళ్ళు కడిగి, వండి, గంజి వార్చి తినేవారు. తవుడుతో కొంత, కడుగుతో కొంత, గంజితో కొంత బి-1 విటమిను పోయేది. ఉప్పుడు బియ్యం తినేవారికి ఈ బాధ అంతగా ఉండేది కాదు. వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి దిగుతుంది. ఇప్పుడు బెరిబెరి చాలావరకు తగ్గింది. అయినా అన్నం అత్తెసరు పెట్టుకోవడం ఎప్పుడూ మంచిదే.

నేటికీ బి-1 లోపంతో మతి పోగొట్టుకునేవారు ఎక్కువగా తాగుబోతులు. సారాయి అయినా, ఖరీదైన విస్కీ అయినా ఒకటే. తాగేవాడు సరిగా తినడు. తిన్నదానిలోని బి-1 ఒంటబట్టదు. ఒకనాడు ఉన్నట్టుండి కళ్ళు నిలవవు, నడక తూలుతుంది, మనిషి తికమక పడతాడు. ఇంట్లోవాళ్ళు మత్తు దిగలేదనుకుంటారు. అది కొన్ని గంటల్లో ఇంజెక్షను ఇవ్వవలసిన అత్యవసర పరిస్థితి. ఆలస్యమైతే కొత్త విషయం ఏదీ బుర్రలో నిలవని స్థితి శాశ్వతంగా మిగిలిపోవచ్చు. తాగుడు అలవాటున్న ఇళ్ళలోవారు ఈ గుర్తులు జ్ఞాపకం పెట్టుకోవాలి.

దక్కను ప్రాంతంలో కేవలం జొన్నన్నం, జొన్నరొట్టె మీద బతికే నిరుపేదలలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లగా మాడినట్టవడం, విరేచనాలు, మతి చెదరడం దీని మూడు లక్షణాలు. నయాసిన్ అనే బి విటమిను లోపం దీనికి కారణం. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థం ఇందుకు తోడవుతుందని హైదరాబాదులో పరిశోధించిన గోపాలన్, శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. వారు పనిచేసిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఇది చదివి జొన్నరొట్టె మానేయకండి. పప్పు, కూర, పాలతో కలిపి తింటే జొన్న చక్కని ఆహారం. ఏదో ఒక్కటే తిని బతకవలసి రావడమే అసలు తప్పు.

మెదడుకు అన్నం మోసేది రక్తం

ఇక ఎక్కువమందికి సంబంధించిన సంగతికి వస్తాను. మన బరువులో మెదడు 100కి 2 వంతులే. కాని మనం పీల్చే ప్రాణవాయువులో 5వ వంతు అదే వాడుకుంటుంది. ఈ సరుకంతా మోసేవి రక్తనాళాలు. వాటిలో సన్ననివి వెంట్రుక కంటె సన్నగా ఉంటాయి. రక్తపుపోటు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ గోడలు గట్టిపడతాయి. చక్కెర ఎక్కువైతే పాడవుతాయి. కొవ్వు పేరుకుంటే పూడుతాయి. చుట్ట, బీడీ, సిగరెట్టు ఈ మూడింటికీ సాయం చేస్తాయి.

లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. 14 కారణాలను సరిచేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా కేసులలో దాదాపు 45 శాతాన్ని నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని వారి అంచనా. ఆ 14లో "తిండి" అనే పేరు విడిగా లేదు. కాని రక్తపుపోటు ఉంది, మధుమేహం ఉంది, చెడ్డ కొలెస్టరాలు ఉంది, స్థూలకాయం ఉంది, అతిగా తాగడం ఉంది. ఈ అయిదింటి వెనకా ఉన్నది మన నోరే కదా!

నా దగ్గరకు వచ్చే ఒక రిటైరైన గుమాస్తాగారి సంగతి చెబుతాను. 48వ ఏట రక్తపుపోటు కనిపించింది. మాత్రలు రాసిస్తే మూడు నెలలు వేసుకుని, "ఒంట్లో బాగానే ఉంది కదండీ" అని మానేశారు. పూటపూటకూ ఆవకాయ, రెండు అప్పడాలు, పెరుగన్నంలో ఊరమిరపకాయలు. 61వ ఏట చిన్న పక్షవాతం వచ్చి తగ్గింది. ఆరు నెలలకు మరొకటి. ప్రతిసారీ మతి ఒక మెట్టు కిందికి దిగింది. ఇప్పుడు సంతకం పెట్టడం రాదు. ఆయనకు నేను చేయగలిగింది చాలా తక్కువ. చేయవలసిన రోజులు 48కీ 60కీ మధ్య గడిచిపోయాయి.

అందుకే ఈ వ్యాసం ముఖ్యంగా నలభై దాటి అరవై చేరనివారి కోసం. మతిమరుపు వచ్చాక తిండి మార్చడం కంటె, రాకముందు ఇరవై ఏళ్ళు జాగ్రత్తపడడం మేలు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలోని షికాగోలో మార్తా క్లేర్ మోరిస్ అనే శాస్త్రవేత్త బృందం 2015లో ఒక ఆహార పద్ధతిని సూచించింది. దానికి మైండ్ డైట్ అని పేరు పెట్టారు. ఆకుకూరలు, ఇతర కూరగాయలు, గింజలు, కాయధాన్యాలు, ముడి ధాన్యాలు, చేపలు ఎక్కువ. వెన్న, వేపుళ్ళు, మిఠాయిలు, ఎర్ర మాంసం తక్కువ. ఇలా తినేవారిలో అల్జైమర్స్ తక్కువగా కనిపించిందని వారు చెప్పారు. పత్రికలు గొప్పగా రాశాయి.

కాని బాగా తినేవారు సాధారణంగా చదువుకున్నవారూ, నడిచేవారూ, మందులు సక్రమంగా వేసుకునేవారూ అయి ఉంటారు. మేలు తిండి వల్ల కలిగిందా, మిగతావాటి వల్లనా? ఇది తేల్చడానికి 604 మందిని రెండు జట్లుగా చేసి మూడేళ్ళు పరీక్షించారు. 2023లో ఫలితం వచ్చింది. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే రెండో జట్టు కూడా మితంగా తిని బరువు తగ్గినవారే. మూడేళ్ళ గడువు కూడా చిన్నదే.

దీనికి ముందే ఫిన్లండులో, 60 నుంచి 77 ఏళ్ళ వయసు గల 1,260 మందితో మరో పరీక్ష జరిగింది. అందులో సగంమందికి మంచి తిండి ఒక్కటే కాక, వ్యాయామం, బుద్ధికి పని, రక్తపుపోటూ చక్కెరల అదుపు, నాలుగూ కలిపి ఇచ్చారు. రెండేళ్ళలో వారి ఆలోచనాశక్తి మిగతా సగంవారి కంటె మెరుగ్గా ఉన్నట్టు 2015లో ప్రకటించారు. దీన్నిబట్టి నాకు తోచేది ఇది: తిండి ఒంటెద్దు బండి లాగలేదు. తోడు కావాలి.

టానిక్కులూ, బాదంపప్పులూ

మాత్రల సంగతీ తేల్చుకుందాం. మతి తగ్గకుండా ఉండడానికని బి విటమిన్లు, విటమిన్ ఇ, చేపనూనె, అన్నీ కలిసిన మాత్రలు సిఫారసు చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది. లోపం ఉన్నవారికి మాత్రం ఇవ్వాలి. ఈ రెంటికీ ఉన్న తేడా గ్రహించండి. ఎండిన చేనుకు నీరు పెడితే పంట. నిండిన చేనుకు పెడితే వరద. ఆ తరవాత అమెరికాలో పెద్ద వయసువారి మీద జరిగిన పరిశోధనల్లో, రోజూ ఒక మల్టీవిటమిన్ వల్ల జ్ఞాపక పరీక్షల్లో కొద్దిపాటి మేలు కనిపించింది. డిమెన్షియా రాకుండా ఆగుతుందని మాత్రం రుజువు కాలేదు.

గింకో అనే చెట్టు ఆకుల సారాన్ని 3,000 మందికి పైగా వృద్ధుల మీద పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. డిమెన్షియాను అది ఆపలేదు. కొబ్బరినూనె, పసుపు మాత్రలు కూడా ఇంతవరకు రుజువుకు నిలబడలేదు. సరస్వతి ఆకు పచ్చడి చేసుకోండి, తప్పులేదు. దాన్ని నమ్ముకుని రక్తపుపోటు మాత్ర మానేస్తే తప్పు. బాదంపప్పు మంచిదే, కాని అందరూ కొనలేరు. గుప్పెడు వేరుశనగలు ఉడికించుకుని తినండి, మీకు లోటేమీ లేదు.

మరి ఇంట్లో ఏం చేయాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పుదినుసులు (లేదా వాటిలో కొంత బదులు గుడ్డూ మాంసం) 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉంటే సమతులం. తూకం రాళ్ళు పెట్టుకుని కూర్చోనక్కరలేదు. నేను రోగులకు చెప్పే తేలిక లెక్క ఇది.

కంచంలో సగం కూరలకు, పావు పప్పుకు, పావు అన్నానికి ఇవ్వండి. మన ఇళ్ళలో ఇది తలకిందులుగా ఉంటుంది. గుట్టగా అన్నం పెట్టుకుని, దాని పక్కన అలంకారానికి కూర వేసుకుంటాము.

రోజుకొక ఆకుకూర తప్పకుండా ఉండాలి. తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి, మునగాకు, మెంతికూర, ఏది దొరికితే అది. పప్పులో వేసినా సరే. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వంటి మందు వాడేవారు, ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకుండా తమ డాక్టరును అడగాలి.

మాంసాహారులు వారానికి రెండుసార్లు చేపలు తినండి. ఖరీదైన చేపే కావాలని లేదు. కవళ్ళు, కానాగంతలు వంటి చవక రకాలలో మేలుచేసే కొవ్వు బాగా ఉంటుంది. వేపుడు కాక పులుసు చేసుకోండి. శాకాహారులు రోజుకు రెండు గ్లాసుల పాలో, అంతకు తగ్గ గట్టి పెరుగో తీసుకోవాలి.

ఉప్పు మనిషికి రోజుకు ఒక టీ చెంచాకు, అంటే 5 గ్రాములకు, మించకూడదు. ఊరగాయ, అప్పడం, వడియం, కారప్పూస, పచ్చళ్ళు అన్నీ ఈ చెంచాలోనే లెక్క. ఊరగాయ అసలు మానమని తెలుగువాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు. రోజూ అన్నంలో కలుపుకునే స్థానం నుంచి, వారానికి రెండుసార్లు నంజుకునే స్థానానికి దించండి.

నూనె మనిషికి నెలకు 800 గ్రాములు దాటనీయకండి. నలుగురున్న ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు ఖర్చవుతున్నాయో ఈ నెల లెక్క చూడండి. కాగిన నూనె మళ్ళీ మళ్ళీ కాచకండి. కాఫీ టీలలో పంచదార తగ్గించండి. రోజుకు ఆరుసార్లు తాగేవారికి అదే ఒక పెద్ద పద్దు.

తిండితో పాటు రోజూ అరగంట నడక, పొగాకు మానడం, వినికిడి తగ్గితే చెవి యంత్రం, చూపు తగ్గితే శుక్లాల ఆపరేషను, నలుగురితో మాటామంతీ కావాలి. చెవి వినిపించక, కన్ను కనిపించక మూల కూర్చున్న మనిషి మెదడుకు పనే ఉండదు.

ఆడవారికి ఒక మాట, మగవారికి ఒక మాట

గృహిణులారా! అందరికీ పెట్టి చివర గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు మానండి. పాలు పిల్లలకూ భర్తకూ పోసి మీకు డికాక్షను మిగుల్చుకోకండి. ఉపవాసాలు చేయండి, వద్దనను. ఆరోజు పాలూ పండ్లూ తీసుకోండి. షుగరు మాత్రలు వాడేవారు ఉపవాసానికి ముందు డాక్టరును అడగండి.

మగవారికి నా మాట: రక్తపుపోటు, చక్కెర ఏడాదికొకసారైనా చూపించుకోండి. ప్రభుత్వాసుపత్రులలో ఖర్చు ఉండదు. బాధ లేదని మాత్రలు మానకండి. మీ భార్య ఇవాళ ఏం తిన్నదో ఎప్పుడైనా అడిగారా? ఈ రాత్రి అడగండి.

ఇప్పటికే మతిమరుపు వచ్చిన పెద్దలను పథ్యం పేరుతో పస్తు పెట్టవద్దు. వారిలో బరువు తగ్గిపోవడమే పెద్ద ప్రమాదం. పళ్ళు లేకపోతే మెత్తగా వండి, కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు, పక్కన కూర్చుని తినిపించండి. తిన్న సంగతి మరచి మళ్ళీ అడిగితే కసరకండి. మతిమరుపు కనిపించిన ప్రతి మనిషికీ బి-12, థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించమని మీ డాక్టరును అడగండి. డాక్టరు మరచిపోతే మీరు గుర్తుచేయండి. నాకు ఒక హౌస్‌సర్జన్ గుర్తుచేయవలసి వచ్చిందని చెప్పాను కదా!

మా అమ్మ సంగతి. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన రెండు నెలలకు మనిషిలో ఉత్సాహం వచ్చింది. ఆరు నెలలకు పాల లెక్క మళ్ళీ తనే చూసుకుంది. నన్ను నా పేరుతో పిలుస్తోంది. కాని పాదాల తిమ్మిరి పూర్తిగా పోలేదు. కర్ర లేకుండా నడవలేదు. కొన్ని సంవత్సరాల జ్ఞాపకాలు చెదిరినవి చెదిరినట్టే ఉన్నాయి. రెండేళ్ళు ముందు చూసి ఉంటే అవీ నిలిచేవేమో!

ఇప్పుడు ఆమె మా ఇంట్లోనే ఉంటోంది. మధ్యాహ్నం నేను ఆసుపత్రి నుంచి ఫోను చేసి, "అమ్మా, ఏం తిన్నావు?" అని అడుగుతాను. "పప్పూ, తోటకూరా, గట్టి పెరుగూ తిన్నానురా. రోజూ ఇదే అడుగుతావు, నీకు మతిమరుపా?" అంటుంది.

మీ ఊళ్ళో ఒంటరిగా వండుకు తినే అమ్మో, నాన్నో ఉంటే, ఇది చదివిన వెంటనే వారికీ ఫోను చేసి అదే ప్రశ్న అడగండి.